యాడ నొప్పి అని అడిగినవాళ్లు

కుట్లు మానిపోయి ఐదు నెలలైంది. పోయిన నెల నుంచి మళ్లీ స్కూటరు తోలుతాండాను. గతుకుల్లో పడినప్పుడు పొత్తికడుపులో ఒకచోట పట్టినట్టు ఉంటుంది గానీ, అది భయపడాల్సిన నొప్పి కాదని నాకిప్పుడు తెలుసు. భయపడాల్సిన నొప్పి ఎట్లుంటుందో ఇరవై ఏండ్లు చూసినాను. అది పూర్తిగా పోయిందో లేదో గట్టిగా చెప్పలేను. పోయినట్టే ఉంది. అన్నీ మతికి ఉన్నప్పుడే జరిగింది జరిగినట్టు రాసిపెడదామని కూచున్నాను.

నా పేరు నిర్మల. అమ్మగారిల్లు గుత్తి. మెట్టింది ముదిగుబ్బ దగ్గర ఒక పల్లె. నేను ఏఎన్‌ఎంను. అంటే ఊరూరూ తిరిగి కడుపుతో ఉన్నోళ్లను చూసి, పుట్టిన బిడ్డలకు టీకాలు వేసే నర్సమ్మను. నా చేత సూది వేయించుకున్న బిడ్డలు ఇప్పుడు బడికి పోతాండారు. నాకు పిల్లలు లేరు.

ఎనిమిదో తరగతిలో పెద్దమనిషినైనాను. మూడో నెల నుంచే నొప్పి మొదలైంది. గుత్తిలో మా ఇంటి నడవలో నల్లబండలు పరిచి ఉండె. ఎండాకాలంలో గూడా చల్లగా ఉంటాయవి. నేను ఆ బండల మీద బోర్లా పండుకొని, కడుపును రాతికి అదిమిపెట్టి, పండ్లు బిగబట్టుకొని ఉంటాంటి. అమ్మ వాము నీళ్లు కాచి పక్కన పెట్టి, ఏమీ మాట్లాడకుండా తలుపు దగ్గరికేసి పోతాండె. నాయన అడిగితే, పాపకు బాగలేదు అని చెప్పి ఊరుకుంటాండె. నెలకు మూడు దినాలు బడి లేదు నాకు. పదో తరగతి లెక్కల పరీక్ష నాడు సగం పేపరు రాసి లేచి వచ్చేసినాను. పాసైతే అయినాను గానీ, చదవాలనుకున్న చదువుకు ఆ మార్కులు చాలలేదు. అట్లా నర్సు ట్రైనింగుకు పోయినాను.

ట్రైనింగులో నెలసరి మీద ఒక పాఠం ఉండె. అందులో నొప్పి గురించి రెండు లైన్లు. నాకున్నది ఆ రెండు లైన్లలో ఇమిడేది కాదని తెలుస్తానే ఉన్నా, లేచి నిలబడి అడిగేంత ధైర్యం లేకపోయింది.

ఉద్యోగంలో చేరినాక నొప్పితో పని చేయడం నేర్చుకున్నాను. టీకాల డబ్బా స్కూటరు ముందర పెట్టుకొని, రెండు గోలీలు మింగి బయలుదేరుతాంటి. దోవలో తట్టుకోలేకపోతే కానుగ చెట్టు కింద బండి ఆపి, ముందు డబ్బాను నీడలో పెట్టి, మిగిలిన నీడలో నేను కూచుంటాంటి. టీకాలు వేడెక్కకూడదు. ఆ దినాల్లో నాకు అదొక్కటే భయం.

ఇరవై ఆరో ఏట పెండ్లైంది. ఆయన పేరు ప్రభుదాసు. ముదిగుబ్బలో మోటారు వైండింగు అంగడి. మా వైపు బోర్లు ఎంత లోతుకు దింపినా నీళ్లు అందక మోటార్లు కాలిపోతాంటాయి. రైతులు కాలిపోయిన మోటారు తెచ్చి అంగడి ముందర దించి, ఏమప్పా, ఎప్పుడిస్తావని అడిగి, ఆడే కూచొనేస్తారు. ఎంత తొందరపెట్టినా విసుక్కోకుండా రాగితీగ చుట్టుకుంటా ఉండే మనిషి ఆయన.

పెండ్లైన మొదటి నెలలోనే నాకు తెలిసిపోయింది, మొగుడూ పెండ్లాల మధ్య జరిగేది గూడా నాకు నొప్పేనని. లోపల యాడో పుండును కెలికినట్టు ఉండె. ఆయనకు చెప్పలేకపోయినాను. పది ఊర్ల ఆడోళ్లకు సంసారం గురించీ, కాన్పుకూ కాన్పుకూ మధ్య ఎడం గురించీ జంకు లేకుండా చెప్పేదాన్ని, నా ఇంట్లో నోరు తెరవలేకపోయినాను. ఒకనాడు ఆయన నా మొగం చూసినాడు. మరుసటి దినం మంచం తీసుకుపోయి వరండాలో వేసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఎందుకో ఆయన చెప్పలేదు. వారానికొకసారో, నెలకొకసారో, ఇద్దరం తప్పు చేసినోళ్ల మాదిరి ఒకచోటికి వస్తాంటిమి. అట్లా ఏండ్లు గడిచినాయి. ఈ జబ్బు నా దగ్గర చాలా తీసుకుంది. అన్నిటికంటే ఎక్కువ బాధ ఆ ఏండ్ల గురించే.

మా అత్త పేరు సాలమ్మ. మామ పోయినాక గొర్రెలు మేపి ఒక్క కొడుకును సాకింది. ఉన్నది ఉన్నట్టు మొగం మీదే అనే మనిషి. మొదటి రెండేండ్లు ఏమీ అనలేదు. మూడో ఏడు నుంచి మా చర్చిలో పాస్టరయ్య ప్రతి ఆదివారం ప్రార్థనలో నా పేరు చెప్పడం మొదలుపెట్టినాడు. ప్రభువా, మా చెల్లెలు నిర్మల గర్భాన్ని తెరువుము అంటాడు. చాపల మీద కూచున్నోళ్లందరూ ఆమెన్ అంటారు. నేను తలమీది కొంగు ఇంకాస్త కిందికి లాక్కుంటాంటి. అట్లా చేయమని అడిగింది మా అత్తేనని నాకు తెలుసు. నా మీద ప్రేమతోనే అడిగింది. అందుకే వద్దని చెప్పే దోవ కనపడలేదు.

ఆ ఏడే ఒక ఊర్లో పురిటింటికి పోయినాను. బిడ్డకు మొదటి టీకాలు వేయాల. డబ్బా తెరిచి సూది సిద్ధం చేసుకుంటాంటే, బిడ్డ అవ్వ వచ్చి నా ముందర నుంచి బిడ్డను ఎత్తుకొని లోపలికి పోయింది. ఇంకో సిస్టరమ్మ వచ్చినప్పుడు వేయించుకుంటాం లేమ్మా అని లోపలినుంచే చెప్పింది. నాతో వచ్చిన ఆశా వర్కరు లక్ష్మక్క ఆమె మీదికి పోబోతే చేయి పట్టి ఆపినాను. కార్డులో తేదీ రాయాల్సిన చోట ఖాళీ పెట్టి వచ్చేసినాను. నెల తర్వాత పక్క సెంటరు సిస్టరు పోయి వేసింది. లక్ష్మక్క ఈ సంగతి ఇప్పటికీ ఎత్తదు. ఆమె ఎత్తకపోవడమే నాకు పెద్ద ఉపకారం.

అప్పటినుంచి అనంతపురం ఆసుపత్రులు మొదలైనాయి. పిల్లల కోసం పోయే ఆసుపత్రుల్లో కూచునే గది అన్నిచోట్లా ఒకటే తీరు. గోడకు తెల్లటి బొద్దు పాప బొమ్మ. కుర్చీల్లో ఆడోళ్లం, బయట మెట్ల మీద మొగోళ్లు. అందరి ఒళ్లోనూ ప్లాస్టిక్ కవరు, కవర్లో ఫైలు. ఎవరికెన్నేండ్లైందో ఫైలు లావును బట్టి తెలిసిపోతుంది. కల్యాణదుర్గం వైపునుంచి వచ్చిన ఒకామె, నేను పొద్దున్నుంచి ఏమీ తినలేదని కనిపెట్టి, జొన్నరొట్టె సగం తుంచి పైన ఊరిబిండి పచ్చడి పెట్టి నా చేతిలో పెట్టింది. ఆమె పేరు నేను అడగలేదు, నా పేరు ఆమె అడగలేదు. ఆ గదుల్లో పేర్లు ఎవరూ అడుక్కోరు.

ఒక డాక్టరు స్కాను చూసి అంతా బాగుందన్నాడు. ఇంకొకామె గోలీలిచ్చి ఆరు నెలల తర్వాత రమ్మనింది. నొప్పి సంగతి ఎత్తితే, నర్సువై ఉండి నువ్వే ఇంత సున్నితమైతే ఎట్లమ్మా అనింది. ఆ మాట నిజమేనని నేను గూడా నమ్మినాను. నా మీద నాకే చీదర పుట్టింది.

కరోనా అంతా అయిపోయిన మరుసటి ఏడు, శెనక్కాయ విత్తనం వేసే దినాల్లో, ఒక బుధవారం అంగన్‌వాడీలో టీకాలు వేస్తా వేస్తా పడిపోయినాను. ఆ పొద్దుకు చేతిలో బిడ్డ లేకపోవడం దేవుని దయ. లక్ష్మక్క నన్ను ఆటోలో వేసుకొని, అనంతపురం దాకా నా తల ఒళ్లో పెట్టుకొని వచ్చింది. అంతకుముందు నేను పోని ఆసుపత్రి అది. చూసిన డాక్టరమ్మ పెద్దామె. స్కాను తీయకముందే కుర్చీ నా మంచం దగ్గరికి లాక్కొని కూచుంది.

"నొప్పి యాడ మొదలైతాది? వేలు పెట్టి చూపించు," అనింది.

చూపించినాను. దొడ్డికి పోయేటప్పుడు నొప్పి ఉంటుందా, కాళ్లల్లోకి పాకుతుందా, మొగుడు దగ్గరికి వస్తే ఎట్లుంటుంది, అన్నీ ఒకటొకటిగా అడిగింది. అన్నిటికీ అవునని చెప్తా చెప్తా ఏడ్చినాను. గర్భసంచి లోపల ఉండాల్సిన పొర లాంటిది దాని బయట పెరుగుతుందనీ, నెలనెలా అదీ రక్తమవుతుందనీ, ఆ రక్తం బయటికి పోయే దోవ లేక ఆడే గడ్డకట్టి, పక్కనున్నవాటిని ఒకదానికొకటి అతికిస్తుందనీ చెప్పి, కాగితం మీద బొమ్మ గీసిచ్చింది. నాకు రెండువైపులా అండాశయాల్లో నల్ల రక్తం నిండిన సంచులున్నాయట. ఆ జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్. ట్రైనింగులో ఆ పేరు వినే ఉంటాను. నాదే అనుకోలేదు.

ఆ కాగితం పట్టుకొని నేరుగా ఆయన అంగడికి పోయినాను. ఆయన ఒక్కడే ఉండె. బొమ్మను ఆయన ముందర పెట్టి, యాడ నొప్పో, ఎప్పుడెప్పుడు నొప్పో, పెండ్లైన మొదటి నెల నుంచి అన్నీ చెప్పినాను. తీగ చుట్టేది ఆపి విన్నాడు.

"నేనంటే నీకు సరిపోదేమో అనుకొంటి," అన్నాడు.

"కాదు."

"ఒక మాట చెప్పింటే అయిపోతాండె గదా నిర్మలా."

"నాకే తెలీదు గదయ్యా. ఏమని చెప్పేది?"

ఆయన లేచిపోయి అంగడి షట్టరు సగానికి దించి వచ్చి, కాలిపోయిన మోటార్ల మధ్యన నా పక్కన నేలమీద కూచున్నాడు. బయట ఎవరో రైతు వచ్చి, ప్రభుదాసన్నా అని పిలుస్తానే ఉండె.

ఆపరేషనుకు డాక్టరమ్మ బెంగళూరులో ఒక పెద్దాసుపత్రికి రాసిచ్చింది. ధర్మవరం దాకా బస్సు, ఆడినుంచి రైలు. తర్వాతి మూడేండ్లలో ఆ దోవలో ఎన్నిసార్లు తిరిగినామో లెక్క లేదు. ఖర్చు సంగతి ఈడ రాయను. ఆ దోవన పోయినోళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఆపరేషనుకు ముందుదినం ఒక పిల్ల నా మంచం దగ్గరికి వచ్చింది. పేరు కావ్య. డాక్టరు కాదు, ఈ జబ్బు మీద పరిశోధన చేస్తాండాది. కన్నడ పిల్ల. పావగడ వైపుదట, అందుకని తెలుగు కొంచెం వచ్చు. ఆపరేషనులో నా లోపలినుంచి తీసే ముక్కల్లో చిన్నవి కొన్ని, కాస్త రక్తం, తమ పరిశోధనకు ఇవ్వడానికి ఒప్పుకుంటానా అని అడిగింది. ఇష్టం లేకపోతే వద్దని చెప్పొచ్చు, చెప్పినా నా వైద్యంలో ఏ తేడా రాదనింది. తర్వాత ప్రశ్నల కాగితం తీసింది. ఎన్నో ఏట మొదలైంది, బడి ఎన్ని దినాలు పోయింది, నొప్పిని ఏ మాటతో చెప్తావు, దానివల్ల ఏమేమి మానుకున్నావు. పదో తరగతి లెక్కల పరీక్ష సంగతి ఆ పిల్లకు చెప్పినాను. అంతవరకూ ఎవరికీ చెప్పలేదు. కావ్య అది గూడా రాసుకుంది.

నేను అడిగినాను, ఇదంతా చేస్తే నాకు బాగైతాదా అని.

"ఇల్ల అక్కా. ఇది మీకు పనికి రాదు. మీ తర్వాత వచ్చేవాళ్లకు వస్తుందేమో," అనింది.

"అసలు ఇది ఎందుకు వస్తాది?"

"గొత్తిల్ల అక్కా," అని, మళ్లీ తెలుగులో, "ఇంకా ఎవరికీ సరిగ్గా తెలీదు," అనింది.

ఇన్నేండ్లలో నా ముందర తెలీదనే మాట చెప్పింది ఆ పిల్ల ఒక్కతే. అందరూ తెలిసినట్టే మాట్లాడినారు. నేను కాగితం మీద సంతకం పెట్టినాను.

ఆ కాగితంలో ఇంకో ప్రశ్న ఉండె, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటి నొప్పి ఉండిందా అని. గుత్తికి ఫోను చేసి అమ్మను అడిగినాను.

"నాకూ ఉండె," అనింది అమ్మ. "నువ్వు ఒక్కదానివే పుట్టినావు గదా. అదెందుకనుకుంటివి?"

మరి నాకెందుకు చెప్పలేదని అడిగినాను. చెప్తే నీకు భయమైతాదనుకొంటి, పెండ్లి గూడా కష్టమైతాదనుకొంటి అనింది. నేను బండల మీద పండుకున్నప్పుడు ఆమె తలుపు దగ్గరికేసి పోయేది మొరటుతనంతో అనుకున్నాను ఇన్నేండ్లు. నాలో తన నొప్పినే అవతలి గదిలో కూచొని చూసుకుంటాండెనని ఆ పొద్దు తెలిసింది. ఆమె మీద కోపం వచ్చింది. ఆ కోపం ఇంకా అంతా పోలేదు, అబద్ధం చెప్పను.

ఆపరేషను తర్వాత డాక్టర్లు చెప్పింది ఇది. అతుక్కున్నవి చాలావరకు విడదీసినాం, సంచులు తీసేసినాం, కానీ అండాలు చాలా తక్కువ మిగిలినాయి, బిడ్డ కావాలంటే ఆలస్యం చేయొద్దు, ఐవీఎఫ్‌కు రండి. ఇద్దరం సరే అన్నాం. అప్పటికే వరండాలో మంచం లోపలికి వచ్చింది. ఆ నెలల్లో మేము కొత్తగా పెండ్లైనోళ్ల మాదిరి ఉంటిమి. ఆశ అంత మంచిగా ఉంటుందని నాకు ముందర తెలీదు.

సూదులు నాకు నేనే వేసుకుంటాంటి. ఎన్నో వేలమంది బిడ్డలకు వేసినదాన్ని, నా కడుపు మీద వేసుకునేటప్పుడు ఒకటికి రెండుసార్లు సూది పక్కన పెట్టి మళ్లీ తీసుకుంటాంటి. మూడు అండాలు దొరికినాయి. వాటిల్లో ఒకటి పిండమైంది. ఆ ఒక్కదాన్ని నా లోపల పెట్టి, పద్నాలుగు దినాలు ఆగి రక్త పరీక్ష చేయించుకోమన్నారు. ఆ పద్నాలుగు దినాలు మా అత్త నన్ను బిందె ముట్టనీలేదు. గొర్రెలను పక్కింటోళ్లకు అప్పజెప్పి, పొద్దున రాగిజావ, మధ్యాహ్నం సంగటి తానే చేసి పెట్టింది. నాతో మాట్లాడితే ఆశ బయటపడుతుందని కాబోలు, ఎక్కువ మాట్లాడలేదు.

పరీక్షలో నిలిచిందని వచ్చింది. ఆయనకు ఫోనులో చెప్తే, సరే సరే సరే అని మూడుసార్లు అని పెట్టేసినాడు. మా అత్త ఎవరికీ చెప్పలేదు. ఊరంతా చెప్పుకోవాలని ఎంత ఉండిందో ఆమె మొగం చూస్తే తెలుస్తాండె.

ఎనిమిదో వారం స్కానుకు బెంగళూరు పోయినాం. స్కాను చేసే అమ్మాయి అంతవరకూ ఏదో మాట్లాడతా ఉండి, ఉన్నట్టుండి ఆపేసింది. తెరను మెల్లగా తన వైపుకు తిప్పుకుంది. నేను గూడా ఆ పనిలోనే ఉన్నదాన్ని. తెర తిప్పుకుంటే ఏమిటో నాకు తెలుసు. గుండె కొట్టుకోవడం లేదని పెద్ద డాక్టరు వచ్చి చెప్పేలోపల నేను బట్టలు సర్దుకొని కూచున్నాను.

బయటి గదినిండా కడుపుతో ఉన్నోళ్లు. వాళ్ల మధ్యనుంచి నడిచిపోవాల. తలుపు దగ్గర నా కాళ్లు ఆగిపోయినాయి. అంతలో ఆడ తుడిచే ఆయా, నడివయసామె, చీపురు గోడకు ఆనించి నా చేయి పట్టుకుంది. ఏమీ అడగకుండా వెనక తలుపు తీసి, బట్టలు ఉతికే గది పక్కనుంచి మెట్లు దింపి బయటికి తీసుకొచ్చింది. కింద నన్ను ఒక అరుగు మీద కూచోబెట్టి, నీ మొగుణ్ణి పిలుచుకొస్తానని సైగ చేసి పోయింది. అన్ని నెలల్లో ఆ ఆసుపత్రిలో నాకు చేసిన పనుల్లో అంత అవసరమైన పని ఇంకొకటి లేదు.

తిరుగు రైల్లో ఆయన కిటికీ పక్క సీటు నాకిచ్చి ఎదురుగా కూచున్నాడు. ఇంటికి వచ్చినాక మా అత్త నా మొగం చూసి, లోపలికి రానిచ్చి, తాను గొర్రెల దొడ్లోకి పోయి సాయంత్రం దాకా ఆడే ఉండింది.

రెండోసారి గూడా పోయినాం. ఈసారి ఒక్క అండం గూడా పనికొచ్చేది దొరకలేదు. వేరేవాళ్ల అండంతో చేయొచ్చని డాక్టరు చెప్పింది. అట్లా చేసుకొని సుఖంగా ఉన్నోళ్లను నేను చూసినాను. అందులో తప్పేమీ లేదు. కానీ స్టేషనులో రైలు కోసం కూచున్నప్పుడు ఆయన అన్నాడు:

"నీకు కావాలంటే మళ్లీ పోదాం. నా కోసమైతే వద్దు. నిన్ను ఆ బల్ల మీద పండబెట్టి బయట కూచునేది ఇంగ నా చేత కాదు."

ఇంకొక్కసారి అని ఆయన నోటినుంచి రావాలని నేను ఎదురుచూస్తాంటి. రాలేదు. నేనూ అనలేదు. మా ప్రయత్నం అట్లా ఆ బెంచీ మీద ముగిసిపోయింది. తర్వాత నాలుగు నెలలు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆయనకు బిడ్డ పోయిన బాధే లేదనుకొంటి. పొద్దున అంగడికి పోతాడు, చీకటి పడేసరికి వస్తాడు, తింటాడు. ఒకనాడు తింటా తింటా చేయి ఆపి, "కరుణ అని పెడదామనుకొంటి," అన్నాడు. నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమైనాక నేను లేచిపోయి ఆయన వీపు మీద చేయి వేసినాను. ఆయన అన్నం మీదికి వంగి ఏడ్చినాడు. నేను ఆయన ఏడ్వడం చూసింది ఆ ఒక్కసారే.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో పాస్టరయ్య మళ్లీ నా పేరు ఎత్తినాడు. గర్భం అనే మాట రాకముందే మా అత్త చాప మీదనుంచి లేచి నిలబడింది.

"పాస్టరయ్యా, ఆ ప్రార్థన ఇంగ చాలు," అనింది. "ఆ పిల్లకు నొప్పి తగ్గాలని చెయ్యి."

పాస్టరయ్య కండ్లు మూసుకొని, ఆమె చెప్పినట్టే చేసినాడు. మా అత్తకు మనవడో మనవరాలో కావాలనే కోరిక నాకంటే తక్కువదేం కాదు. దాన్ని అందరి ముందరా ఆమె కింద పెట్టేసింది. దొడ్లో ఒక్కతే కూచున్న సాయంత్రం ఆమె ఏమనుకొనిందో నేను ఎప్పుడూ అడగలేదు.

నొప్పి మాత్రం తగ్గలేదు. పోయిన ఏడంతా పెరుగుతానే వచ్చింది. పేగుకు గూడా అతుక్కుందని చెప్పినారు. నాలుగైదు రకాల మందులు వాడి చూసినాక, ఈ ఏడు మొదట్లో గర్భసంచీ, ఒకవైపు అండాశయమూ తీసేసి, పేగు మీదున్నది గూడా గీకేసినారు. ఈడ ఒక మాట గట్టిగా చెప్పాల. మా వైపు ఆడోళ్లకు చిన్న బాధకే గర్భసంచి తీసేయించే అలవాటు ఉంది. అట్లాంటోళ్లను ఎందరినో నేనే వెనక్కి పిలుచుకొచ్చినాను. నిర్మల తీయించుకుంది గదా అని ఎవరూ తీయించుకోవద్దు. ఈ జబ్బుకు అది ఖాయమైన మందు కాదని డాక్టర్లు నాకు ముందే చెప్పినారు. ఇంకే దోవా లేదని నాకు నేను తేల్చుకొని సంతకం పెట్టినాను. పెట్టినాక గూడా చేయి కలం వదల్లేదు.

కావ్య ఈసారీ వచ్చింది. కొంచెం చిక్కింది, కండ్లకు అద్దాలు వచ్చినాయి. మీ పరిశోధన యాడిదాకా వచ్చిందని అడిగితే, నిధానక్కా అని నవ్వింది. నా ముక్కలు ఒక చలిపెట్టెలో ఉన్నాయట. పేరు ఉండదు, నంబరే. మళ్లీ కొన్ని తీసుకోమని చెప్పినాను.

మళ్లీ డ్యూటీలో చేరిన రెండో వారం ఓబులమ్మ అనే కూలిపని చేసే ఆమె, కూతురు శిరీషను తీసుకొని సెంటరుకు వచ్చింది. శిరీష ఇంటర్ చదువుతాండాది. నెలసరి నొప్పికి గోలీలు కావాలన్నారు. పిల్ల మొగం పాలిపోయి ఉండె. నేను కుర్చీ దగ్గరికి లాక్కొని, యాడ మొదలైతాది పాపా, దొడ్డికి పోయేటప్పుడు ఎట్లుంటాది, కాలేజీ ఎన్ని దినాలు పోతాది అని అడగడం మొదలుపెట్టినాను. ఆ పిల్ల తల్లి వైపు చూసింది. తల్లి నా వైపు చూసింది.

"ఇప్పుడు అడుగుతాండావా సిస్టరమ్మా," అనింది ఓబులమ్మ. "ఈ పిల్ల ఏడో తరగతిలో ఉన్నప్పుడు నీ దగ్గరికే తీసుకొస్తి. ఇది అందరికీ ఉండేదే, ఓర్చుకోవల్ల, పెండ్లైతే తగ్గుతాదని నువ్వే చెప్పి పంపిస్తివి. అప్పటినుంచి ఇది ఏడిస్తే, సిస్టరమ్మ చెప్పింది గదా అని నేను కసురుతాంటి."

నాకు గుర్తు లేదు. ఎంత ఆలోచించినా ఆ పొద్దు, ఆ పిల్ల, ఆ మాట, ఏదీ మతికి రాలేదు. బీరువా తెరిచి పాత రిజిస్టర్లు కిందికి దించినాను. ఐదేండ్ల కిందటి దాంట్లో దొరికింది. శిరీష, పన్నెండేండ్లు, కడుపునొప్పి, ఇచ్చిన గోలీలు ఆరు. నా చేతిరాతే. అప్పటికి నా నొప్పి పేరు నాకు తెలీదు. తెలీదనే మాటే నేను ఆ బిడ్డకు చెప్పింటే సరిపోయేది. తెలిసినట్టు చెప్పినాను.

ఇంకెంతమందికి అట్లా చెప్పినానో ఆ రిజిస్టర్లలో ఉంటుంది. ఒక్కొక్కటే చూసుకుంటా వస్తాండాను.

"తప్పు చెప్పినా ఓబులమ్మా," అన్నాను. "నాదే తప్పు."

ఆమె ఫరవాలేదని అనలేదు. అనాలని నేను అనుకోలేదు. సోమవారం అనంతపురం పోదాం, నేను తోడొస్తానని చెప్పినాను. పెండ్లి కాని పిల్లను అట్లాంటి ఆసుపత్రికి ఎట్ల తీసుకుపోతామని ఆమె భయపడింది. మొదట నన్నే తిట్టి, తర్వాత ఊరుకొని, చివరికి శిరీష మొగం చూసి ఒప్పుకుంది.

సోమవారం పొద్దున బస్సుకు ముగ్గురం పోయినాం. నన్ను చూసిన పెద్ద డాక్టరమ్మే ఉండింది. శిరీషను ఎదురుగా కూచోబెట్టుకొని, చెప్పు పాపా అనింది. ఆ పిల్ల మొదట నేల చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. కడుపులో యాడ మొదలవుతుందో, అది నడుములోకి ఎట్లా పాకుతుందో, హాస్టలు స్నానాల గదిలో నోట్లో చున్నీ కుక్కుకొని ఎట్లా కూచుంటుందో చెప్పింది. ఓబులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వింటాండె. డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది. ఆ పిల్ల చెప్పడం అయ్యేదాకా మేము ఎవరమూ మధ్యలో మాట్లాడలేదు.